రెండు దెబ్బల నడుమ ఖాళీ

దెయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. ఈ సంగతిలో దెయ్యం ఉందో లేదో చెప్పలేను గానీ, తెలివితక్కువవాడు మాత్రం ఒకడున్నాడు. వాడు నేనే.

తిరుపతిలో కంప్యూటర్ మీద సంగీతం చేస్తాను. బట్టల కొట్ల ప్రకటనలు, భక్తి పాటలు. చిత్తూరులో డ్రాయింగు నేర్పే వసుంధర పోయిన ఏడాది ఒక పని తెచ్చింది. బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, కాయలు లేని నెలల్లో ఖాళీగా ఉంటుంది. దాని షెడ్డులో తను పగిలిన ఊరగాయ జాడీలను జపాను పద్ధతిలో లక్కతో అతికి, అతుకుల మీద బంగారు పొడి అద్ది, వేలాడదీస్తుందట. జనం వాటి మధ్య నడుస్తుంటే సంగీతం వినిపించాలి. జపాను కళలో రెండింటి నడుమ వదిలే ఖాళీని 'మా' అంటారనీ, సంగీతంలోనూ అదే కావాలనీ చెప్పింది.

ఖాళీ ఎక్కువైతే నాకు పని తక్కువ అనుకుని ఒప్పేసుకున్నాను. వాళ్ల 'మా' ఎంత బరువో మావాళ్లెవరూ చెప్పలేదు.

ఆమె అడిగింది ఇంతే. డోలు మీద ఒక దెబ్బ. దాని మోత షెడ్డులో పూర్తిగా అణగాలి. ఆ తర్వాత కూడా కాసేపు ఏమీ ఉండకూడదు. అప్పుడు రెండో దెబ్బ.

డోలు ఇంట్లో అటక మీదే ఉంది. మా నాయన గుడి మేళంలో వాయించేవాడు. నాకూ నేర్పాడు. పాఠంలో ఖాళీ వచ్చినప్పుడు వెనక కూర్చుని నా వీపు మీద రెండు వేళ్లు ఆనించేవాడు. అవి లేచాకే నేను వాయించాలి. నేను ముందే వాయించేవాణ్ణి. డోలు విద్వాంసుడి కొడుకునైనా నాకు తాళం పడేది తలుపుకే. ఒక ఊరేగింపులో అలాగే ముందుకు దూకితే, అందరి ఎదుటా నా భుజం మీంచి డోలు తీసేశాడు.

"ఆగేది తెలీనోనికి డోలు యాలరా? పొయ్యి దర్శనం క్యూలో నిలబడు, ఆడన్నా నేర్చుకుంటావు," అన్నాడు.

మళ్లీ నేను డోలు ముట్టలేదు, ఆయన రమ్మనలేదు. ఆరేళ్ల కిందట పోయాడు. ఆ మాట మా ఇద్దరి నడుమ అలాగే ఉండిపోయింది.

షెడ్డులో పట్టపగలే రికార్డింగు మొదలుపెట్టాం. ఎనిమిది సార్లు వాయించాను. ఎనిమిది సార్లూ వసుంధర విసుక్కోకుండా ఒకటే మాట అంది. "మళ్లా ముందే దూకినావు కదన్నా."

నా వల్ల కాదని చెప్పేద్దామనుకుంటూనే ఇంకోసారి మొదటి దెబ్బ కొట్టాను. మోత సన్నగిల్లుతుండగా వీపు మీద, రెక్కల ఎముకల నడుమ, రెండు వేళ్లు ఆనాయి.

రికార్డింగు కోసం ఫ్యాన్లు ఆపేశాం. నా వెనక ఉన్నది గోడ. వసుంధర ఎదురుగా, తలుపు దగ్గర ఉంది. నాకు భయం వేయలేదు. ఆ వేళ్ల బరువు నాకు తెలుసు. అవి లేచేదాకా ఆగి, వాయించాను. వసుంధర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా వెనక ఎవరినైనా చూశావా అని అడిగితే, ఎవరూ లేరంది.

ఆ మధ్యాహ్నం అలా మూడుసార్లు జరిగింది. కంప్యూటర్‌లో కొలిచి చూస్తే మూడింటిలోనూ ఖాళీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే. రెండుసార్లు ఒకేలా ఆగడం నాకు పుట్టి బుద్ధెరిగాక తెలియదు.

నరాల బాధేమోనని పుత్తూరులో ఎముకలకు కట్లు కట్టే వైద్యుల దగ్గరికి పోయి వీపు చూపించుకున్నాను. ఎముకలు బాగానే ఉన్నాయి, కట్టు కట్టేదానికి ఏమీ లేదన్నారు. అది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

ప్రారంభం రోజు రికార్డు వద్దని, నన్నే వాయించమని వసుంధర పట్టుబట్టింది. జాడీల మధ్య జనం నిలబడ్డారు. మొదటి దెబ్బ వేశాను. వేళ్లు ఆనాయి. సరైన చోట లేచాయి.

నేను వాయించలేదు. చేయి డోలు మీద ఆనించి అలాగే కూర్చున్నాను. కాసేపటికి వీపు మీద వేలితో చిన్న పోటు పడింది, ఇంక కానీరా అన్నట్టు.

నాయన తొందరపడటం నేనెరిగి అదే మొదటిసారి. ఇంకొంచెం ఆగి, తీరిగ్గా రెండో దెబ్బ వేశాను.