సిలువ, చిలువ

వన్ టౌన్‌లో మా చర్చి క్వయర్‌ని చాలా ఏళ్లు నడిపాను. నడిపాననడం మర్యాదకే గాని, నిజానికి ఈడ్చుకొచ్చాను. మగవాళ్లందరికీ పోర్టులో షిఫ్టులు. స్టీల్ ప్లాంట్ పనులు మొదలయ్యాక ఉన్న మంచి గొంతులు కూడా అటు పోయాయి. మిగిలినవాళ్లకి ‘చ’ పలకదు. ‘చేయి చాపి’ అని రాసిస్తే ‘సేయి సాపి’ అని పాడతారు. ఇంట్లో నేనూ అలాగే మాట్లాడతాను, కానీ పాటకంటూ ఒక పద్ధతి ఉండాలి కదా.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి నేనే ఒక పాట కట్టాను. బుద్ధి గడ్డి తిని చరణం నిండా చ-లు పెట్టుకున్నాను: ‘చావు చివర చీకటి లేదు, సిలువ నీడే చాలును నాకు’. ఆ చరణం తానొక్కతే పాడతానని మా అక్క అడిగింది. మా బావ కామెర్లతో పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆయన పోయినప్పటి నుంచి అక్క నోరు విప్పేది క్వయర్‌లోనే. కాదనలేకపోయాను. కానీ ఆ రోజు ఆరాధనకి సీతమ్మధార నుంచి చదువుకున్న కుటుంబాలు వస్తాయి. వాళ్లలో ఎవరైనా కిసుక్కుమంటే అక్క ఇక జన్మలో పాడదని నా భయం.

అందుకే గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే లెంట్ ఉపవాస దినాలన్నీ అందరికీ చ నేర్పాను. నాలుక అంగిలికి తగిలించి అనమని ప్రాణం తీశాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని పాస్టరుగారి ముందు అనలేను గాని, జరిగిందదే. చ పట్టుబడిందన్న హుషారులో స కనబడిన చోటల్లా దిద్దేశారు. సంతోషం చంతోషమైంది. సిలువ చిలువైంది. అక్కయితే ఒకే చరణంలో ‘సావు’ అనీ ‘చిలువ’ అనీ పాడింది. నేను పాటల పుస్తకం బల్లమీద విసిరికొట్టి, సిలువని సిలువ అనండి, చావుని చావు అనండి, మిమ్మల్ని ఇంతకంటే ఏమడిగానని అరిచాను. అక్క కొంగు సర్దుకుని మళ్లీ మొదలుపెట్టింది.

ఆఖరి ప్రాక్టీసులో అన్నీ సరిగ్గా పలికింది. గొంతులో మాత్రం ఏమీ లేదు, రేడియోలో వార్తలు చదివినట్టుంది. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది.

గుడ్ ఫ్రైడే నాడు చెయ్యెత్తి సైగ చేశాను. అక్క కళ్లు మూసుకుని ‘సావు సివర సీకటి నేదు’ అని ఎత్తుకుంది. ఎవరు ముందు నవ్వుతారా అని వరసలన్నీ చూశాను. సీతమ్మధార నుంచి వచ్చిన ఒకావిడ కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. మా పోర్టువాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. అక్క ఎక్కడా ఆగకుండా చరణమంతా పాడింది.

ఇంటికి నడిచి వస్తుంటే ఒళ్లు మండి అడిగేశాను, ఇన్నాళ్లు గొంతు చించుకుని నేర్పిందంతా ఏమైందని.

“నువ్వు నేర్పిన చావు ఎవులిదో నాకు తెల్దురా తమ్ముడా,” అంది అక్క. “మీ బావది సావు. నాను దాన్నే పాడినాను.”