పడుగుకు అంటిన మాత్ర

"ఏమే, ఈపొద్దు మాత్ర ఇయ్యలేదే?" అన్నాడు మా ఆయన, మంచంలో నుంచే. "డాక్టరు ఆపమని ఏడేండ్లాయ, పండుకో" అన్నాను. మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. మధ్యాహ్నానికి ఆయన లేడు. మొన్న ఎమ్మిగనూరు రోడ్డులో పోలీసులు తాగారేమోనని డ్రైవర్లను గొట్టంలోకి ఊదమనడం చూసి, మా చెల్లెలి కూతురిని పిలిచి ఇది రాయమన్నాను. నాకు సంతకం ఒక్కటే వచ్చు.

మా ఆయన ఆదోనిలో పత్తి బేళ్ల లారీ తోలేవాడు. లారీకి డీజిలు, ఆయనకు సారాయి; ఏది తక్కువైనా బండి కదలదు. ఒక తెల్లవారుజామున తాగి లారీని ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధిలోకి పోనిచ్చాడు. ఆ వేళకు వాళ్లు గంజి పట్టించడానికి పడుగు దారాలను వీధి పొడుగునా సాగదీసి ఉంటారు. లారీ వాటిని చుట్టుకుని పోయి అరుగును గుద్దింది. మనుషులు పక్కకు దూకి బతికారు.

కోర్టులో మెజిస్ట్రేటు ఈయన్నేం చేయమంటావని నన్నూ అడిగారు. జైలుకే పంపమందామనుకున్నాను, ఆరు నెలలైనా కంటినిండా నిద్రపోతానని ఆశ. పడుగు పోయిన ముసలాయన నాకంటే ముందు లేచాడు. "జైల్లో పెడితే తాగుడు మానడు సామీ, బయటికొచ్చేదాకా ఆపి పెట్టుకుంటాడు. వైద్యం చేపియ్యండి. పొద్దున్నే నా కాడ పడుగు పట్టుకోనీ, చేతులు వణికితే దారమే తెగి సెప్తాది." మెజిస్ట్రేటు పూచీకత్తు రాయించుకుని, లైసెన్సు తీసుకుని, ఆసుపత్రికి పంపారు. మాట తప్పితే జైలే.

ఆసుపత్రి నుంచి వచ్చి ఆ వీధిలోనే గది తీసుకున్నాం. అక్కడ ఇచ్చిన మాత్ర మింగినవాడు సారాయి తాగితే ప్రాణం మీదికి వస్తుందట. రోజూ నా ఎదుటే మింగించమన్నారు డాక్టరు. ఐదో రోజు ఆయన దాన్ని నాలుక కింద దాచి, పడుగు దగ్గర గంజికుండలో ఉమ్మేశాడు. సగం కరిగిన బిళ్ల గంజితో పాటు దారాలకు అంటుకుంది. ముసలాయన గోటితో గీకి తీసి, "నా పడుగుకు తాగే అలవాటు లేదప్పా, దీనికెందుకు మాత్ర?" అన్నాడు. వీధంతా నవ్వింది. కోర్టుకు చెప్పేదా అన్నట్టు ముసలాయన నావైపు చూశాడు. జైలు కోరుకున్న నేనే వద్దని తల అడ్డంగా ఊపాను. మా ఆయన తల దించుకుని చెయ్యి చాపాడు. "ఇంగోటి ఇయ్యే."

ఆ మరునాటి నుంచి మజ్జిగలో నలిపి ఇచ్చాను. తాగి, నోరు తెరిచి చూపించి పనికి పోయేవాడు. కొన్ని నెలలకు ఒక పొద్దున పడుగంతా ఒక్క పోగూ తెగలేదు. లైసెన్సు తిరిగొచ్చినా ఆయన రెండేండ్లు లారీ ఎక్కలేదు.

ఆ చివరి పొద్దున మాత్ర బదులు చక్కెర పలుకైనా ఆయన చేతిలో పెట్టి ఉండాల్సింది. అన్నేండ్లు గడిచాయని నాకు తెలుసు, ఆఖరి మగతలో ఉన్న ఆయనకు ఇంకా మాత్ర మింగే మొదటి పొద్దే. ఏదీ, మొదటి నుంచి చదువు పాపా. ఆయన మాత్ర అడిగిన కాడ కొంచెం ఆగు.