నూట నలభై ఆరు రోజుల తేడా

2011 సెప్టెంబర్ 13, మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నాకు భయం పట్టుకుంది. అప్పటికి నాకు అరవై నాలుగేళ్లు. లెక్కల టీచరుగా ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరై, కొత్తగూడలో ఒక ఇంటి రెండో అంతస్తులో ఒక్కదాన్నే కిరాయికి ఉంటున్నాను. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ గుమ్మంలోనే నిలబడి, నా దరఖాస్తును, పింఛను పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఏందమ్మా ఇది? ఒక్క మనిషికి రెండు పుట్టిన తారీకులా?"

"పింఛను పుస్తకంలోది బడివాళ్లు వేసిందండి. దరఖాస్తులో రాసింది నిజమైనది."

"అంటే సర్కారు కాయితం అబద్ధమా?"

నా దగ్గర జవాబు ఉంది, చెప్పే ధైర్యం లేకపోయింది. నేను 1946 నవంబర్ 24, ఆదివారం నాడు పుట్టాను. బాప్తిస్మం రిజిస్టరులో అలాగే ఉంది. బడిలో చేర్చేనాటికి అయిదేళ్లు నిండలేదని హెడ్మాస్టరు గారు జూలై ఒకటి వేశారు. నూట నలభై ఆరు రోజులు ముందుకు జరిపారు. నా ఈడు వాళ్లలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు, కాగితాల మీద. ఆ తారీకు ప్రకారమే అయిదు నెలలు ముందుగా రిటైరయ్యాను. అప్పుడు నోరెత్తలేదు. కానీ పాస్‌పోర్టు ఫారంలో, తప్పుడు సమాచారం ఇస్తే శిక్షార్హులని చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. నేను ఫారాలను చివరి అక్షరం దాకా చదువుతాను. చదివి, నిజం రాశాను.

కానిస్టేబుల్ కాగితాలు మడిచాడు. "ఏ తారీకు నిజమో కాయితం రాసి నోటరీ చేయించి పెట్టుండ్రి. రెండు మూడు రోజుల్ల మల్లొస్త. ఇంట్లనే ఉండుండ్రి, తాళమేసుంటే వాపస్ రాసి పంపుత." మెట్లు దిగుతూ ఇంకో మాట కూడా అన్నాడు: "ఇయ్యాల్టి సంది రాష్ట్రం కోసం సమ్మె సురువైంది. మాకు బందోబస్తు డ్యూటీలు. ఎప్పుడొస్తనో నాకే తెల్వదు."

మా ప్రయాణం అక్టోబర్ 21, శుక్రవారం. అంటే ముప్పై ఎనిమిది రోజులుంది.

ఆ ప్రయాణం సంగతి చెప్పాలి. మా చర్చిలోని పదకొండు మంది ఆడవాళ్లం శ్రీలంక వెళ్లాలనుకున్నాం. వారం రోజులు, చెన్నై మీదుగా. ఏర్పాట్లన్నీ పాస్టరమ్మ గారివి. సంచీలు తూచడం, టోపీలు కొనిపించడం, విమానంలో చెవులు దిబ్బడేస్తే నమలడానికి ఏలకులు పంచడం దాకా ఆవిడే చూశారు. తను కాక మిగతా పదిమందినీ గదికి ఇద్దరు చొప్పున జతలు వేస్తే నా జత ఒక రిటైర్డు నర్సు. నాకన్నా నాలుగేళ్లు చిన్నది. ఆమె సొంతూరు బాచుపల్లి, ఉండేది కొండాపూర్‌లో. నన్ను అక్కా అనేది. నేను ఆమెను చెల్లెమ్మా అనేదాన్ని.

చెల్లెమ్మకు నీటికాసులు, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బు. కుడి కన్ను అప్పటికే పోయింది. ఎడమ కంటికి ఎదురుగా ఉన్నంత మేరే కనిపించేది, కిటికీ రెక్కలు దగ్గరగా వేసినట్టు. పోయిన చూపు రాదని, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు. ఇరవై తొమ్మిదేళ్లు దవాఖానాలో పనిచేసిన మనిషి. సముద్రం మాత్రం ఒక్కసారీ చూడలేదు. నేను పుట్టింది బాపట్లలో, సముద్రానికి ఆరు మైళ్ల దూరంలో. చిన్నప్పుడు చూసినవన్నీ చెబుతుంటే చెవులప్పగించి వినేది.

"అయితే మీ ఊరి సముద్రమే చూపెట్టక్కా. గంతదూరం విమానమెందుకు?" అంది ఒకసారి.

"అదెక్కడికి పోతుంది? ఎప్పుడైనా వెళ్లొచ్చు. ద్వీపమంటే వేరు. నాలుగు వైపులా నీళ్లే" అన్నాను.

"నాలుగు దిక్కులా? నాకు ఒక్క దిక్కే కనవడతది. నువ్వు నిలవడి నన్ను గిర్రున తిప్పాలె మరి!" అని నవ్వింది.

విమానాశ్రయంలో కదిలే మెట్లు ఉంటాయని విని ఆగస్టులో నాలుగు బుధవారాలు ఇద్దరం హైటెక్ సిటీ దగ్గరి మాల్‌కు వెళ్లి సాధన చేశాం. ఐడీ కార్డులు మెడలో వేసుకున్న పిల్లలు మా పక్కనుంచి దూసుకుపోయేవాళ్లు. మేం కింద నిలబడి లెక్కపెట్టుకునేవాళ్లం. ప్రతి మెట్టు అంచునా పసుపు గీత ఉంటుంది. ఆ గీత కనిపించగానే "ఆఁ, దొరికింది" అని నా చెయ్యి నొక్కేది. ఇద్దరం ఒకేసారి కాలు వేసేవాళ్లం. నాలుగో బుధవారం ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆమె పాస్‌పోర్టు జూలైలోనే వచ్చేసింది. బడివాళ్లు వేసిన తారీకే రాసింది. నేను చేసింది విన్నప్పుడు నెత్తి కొట్టుకుంది. "అందరు జూలై ఒకటి రాసిన్రు. ఒక్కదానివి సత్యహరిశ్చంద్రుని చెల్లెలివా?" తరువాత నెమ్మదిగా అంది, "నువ్వు రాకుంటే నేను పోనక్కా. చీకటి పడితే నా చెయ్యి ఎవరు పడ్తరు?"

నా భయమంతా ఆ మాటే. నా పాస్‌పోర్టు రాకపోతే పోయేది నా ప్రయాణం కాదు, ఆమె ఎడమ కన్ను చూడాల్సిన సముద్రం.

సెప్టెంబర్ 15కల్లా నోటరీ కాగితం సిద్ధం. ఇంటివాళ్ల కోడలు చేయించి తెచ్చింది. కానిస్టేబుల్ వెళ్లినప్పటి నుంచి నేను గడప దాటలేదు. తరువాతి సోమవారం సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. గనుల్లో బొగ్గు ఆగిందని కరెంటు కోతలు పెరిగాయి. కరెంటు లేకపోతే కాలింగ్ బెల్ మోగదు. అందుకని తలుపు బార్లా తీసి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. స్నానం నాలుగు నిమిషాల్లో ముగించేదాన్ని. కూరగాయలకు తాడు కట్టిన బుట్ట కిందికి వదిలేదాన్ని. కింద రోడ్డు మీద ఊరేగింపు వెళ్తుంటే జనంలో ఖాకీ చొక్కా ఉందేమోనని వెతికేదాన్ని. మెట్ల మీద బూట్ల చప్పుడైతే నోటరీ కాగితం పట్టుకుని లేచేదాన్ని. చాలాసార్లు అది పైఅంతస్తు కుర్రాడి బూట్లు, క్యాబు కోసం పరుగెడుతుండేవాడు.

సెప్టెంబర్ 29, గురువారం. చెల్లెమ్మ కంటి పరీక్ష రోజు. నెలనెలా నేనే తీసుకెళ్లేదాన్ని. ఉదయం ఎనిమిదింటికి కొండాపూర్ నుంచి నడిచి వచ్చింది. గోడ పట్టుకుని మెట్లెక్కడం చప్పుడును బట్టి తెలిసింది. నుదుటికి తడిగుడ్డ కట్టుకుంది.

"ఆటో ఒకడు వస్తనన్నడు. పోదమా?"

నేను కుర్చీలోంచి లేవలేదు. పదహారు రోజులు కాపలా కాసి, ఈ ఒక్కరోజు తాళం వేస్తే, సరిగ్గా ఈరోజే అతను వస్తే?

"ఈరోజు వస్తాడేమో చెల్లెమ్మా. వచ్చే వారం వెళ్దామా?"

ఆమె మంచం మీద కూర్చుని నుదుటి గుడ్డ సర్దుకుంది. "సరే తియ్. మందుచుక్కలు ఏస్తనే ఉన్న. నేను నర్సునే, నాకు తెల్వదా?"

"తలనొప్పి ఎందుకు?"

"కరెంటు లేక. ఉక్కపోత." లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "రాత్రి దీపం చుట్టూ రంగురంగుల గుండ్రాలు కనవడ్డయక్కా. మంచిగనే ఉన్నయి, బతుకమ్మ లెక్క."

ఆ గుండ్రాలు కంటిలో ఒత్తిడి పెరగడానికి గుర్తని నాకప్పుడు తెలియదు. నర్సుకు తెలియకుండా ఉంటుందా? తెలిసే, నా మొహం చూసి ఊరుకుందని ఇప్పటికీ అనుకుంటాను. అడగలేదు. అడగడానికి భయం.

ఆ గురువారం కానిస్టేబుల్ రాలేదు. తరువాతి వారమూ రాలేదు, నేనూ ఆమెను తీసుకెళ్లలేదు.

అక్టోబర్ 11, మంగళవారం, ఉదయం ఆరున్నరకు పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు. చెల్లెమ్మ వాంతులతో, భరించలేని కంటినొప్పితో లేచిందట. కారు తెస్తున్నానన్నారు. నేను ఒక తెల్ల కాగితం మీద "పోలీసువారికి: ఆస్పత్రికి వెళ్లాను. మధ్యాహ్నం మూడింటికి వస్తాను. దయచేసి మళ్లీ రండి" అని రాసి తలుపుకు అంటించాను. రాయడానికి, అంటించడానికి కలిపి రెండు నిమిషాలు పట్టింది. కారులో కూర్చున్నాక తట్టింది. ఆ చీటీ సెప్టెంబర్ 29న కూడా రాయగలిగేదాన్నే.

కంటిలో ఒత్తిడి ఆగస్టులో పద్దెనిమిది. ఇరవై ఒకటి దాటకూడదంటారు. ఆరోజు నలభై ఒకటి. "కొన్నాళ్లుగా పెరుగుతూ వచ్చినట్టుంది. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?" అని డాక్టరు అడిగాడు. నాకన్నా ముందు చెల్లెమ్మే అంది, "బస్సులు లెవ్వు సార్." నన్ను అలా కాపాడింది.

అక్టోబర్ 21న తొమ్మిది మంది వెళ్లారు. వాళ్ల వ్యాను కిందినుంచి హారన్ కొట్టింది. చెల్లెమ్మ ఆపరేషనై, కంటికి కట్టుతో నా మంచం మీద కూర్చుని ఉంది. "పొయిన్రా?" అంది. "వెళ్లారు" అన్నాను. "సంచీ తియ్యి, ఏలకులు పడేయకు, చాయ్‌ల ఏస్కుందం" అంది.

కానిస్టేబుల్ నవంబర్ 2, బుధవారం, పన్నెండు పదికి వచ్చాడు. బక్కచిక్కి ఉన్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. నోటరీ కాగితం చేతికిస్తే విప్పి కూడా చూడలేదు.

"తారీకుదేముందమ్మా, అది ఆఫీసోల్లు చూస్కుంటరు" అని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

డిసెంబర్ 5న పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. పుట్టిన తారీకు 24-11-1946. ఒక్క అక్షరం తప్పు లేదు.

జనవరిలో కట్లు, మందులు అన్నీ అయ్యాక మాల్‌కు తీసుకెళ్లమంది. వద్దన్నా వినలేదు. కదిలే మెట్ల ముందు నిలబడ్డాం. నేను లెక్కపెట్టాను. ఆమె మెడ వంచి చాలాసేపు చూసింది. వెనక పిల్లలు ఆగి, పక్కనుంచి తప్పుకుని పోయారు. "గీత ఏసిన్రా, తీసేసిన్రా అక్కా?" అంది.

"తీసేశారమ్మా" అన్నాను. దరఖాస్తులో అబద్ధం రాయలేనిదాన్ని.

ఇప్పటికీ రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె దగ్గరికి వెళ్లి పేపరు చదివి వినిపిస్తాను. ఆనాటి డైరీ నా దగ్గరే ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కానిస్టేబుల్ కోసం కూర్చున్న రోజులు: యాభై. గడప దాటిన రోజులు, ఆస్పత్రివి మినహాయిస్తే: సున్నా. తప్పిపోయిన కంటి పరీక్ష: ఒకటి. వెళ్లని ప్రయాణం: ఒకటి, ఇద్దరిది. పాస్‌పోర్టులు: రెండు, ఒక్క ముద్ర కూడా పడకుండానే గడువు తీరినవి. పోయిన కన్ను: ఒకటి, చెల్లెమ్మకు మిగిలి ఉన్నది. సముద్రం: ఒకటి, బాపట్లది, రైల్లో ఒక పూట ప్రయాణం. అది ఎక్కడికీ పోలేదు.