సీమంతం చేయించుకున్న మగవాడు

వేమగల్‌లో మా ఫ్యాక్టరీ వాళ్ళు చేయించిన ఆరోగ్య బీమాలో బరువు తగ్గించే ఆపరేషన్ కూడా ఉంటుందని తెలిసిన రోజు, కేజీఎఫ్‌లో మా లైన్ ఇంటి వాకిలి పట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాను. ఆ గుమ్మంలో నేను పక్కకు తిరిగితే తప్ప పట్టను. మా తాత గని పనికి వచ్చినప్పుడు ఇచ్చిన ఇల్లది. గనిలోకి దిగే మనుషుల కొలతకు కట్టారు, వాళ్ళ మనవళ్ళ కొలతకు కాదు.

నవ్వు సంగతి అలా ఉంచితే, నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతూ ఉండేది. ఆగినప్పుడల్లా నా భార్య మోచేత్తో పొడిచి లేపేది. నేను మళ్ళీ నిద్రపోయేవాణ్ణి. ఆమెకు మళ్ళీ నిద్ర పట్టేది కాదు. ఆపరేషన్ అయితే ఇద్దరూ నిద్రపోవచ్చని కోలారు డాక్టరు చెప్పాడు. బీమా లేకుండా చేయించుకునే తాహతు మాకు లేదు.

బీమా వాళ్ళ షరతు ఒకటుంది. ముందు కొన్ని నెలలు డాక్టరు చెప్పిన తిండే తిని, నెలనెలా ఆయన దగ్గర తూకం వేయించుకోవాలి. అయినా బరువు తగ్గకపోతేనే ఒప్పుకుంటారు. అందులో నా చెవికెక్కింది "తగ్గకపోతే" అన్నది ఒక్కటే. ఆ విద్యలో నాకు చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది.

ఈలోగా సంగతి రాయల్పాడులో మా అక్కకు చేరింది. కడుపు కోసి చిన్నది చేస్తారంటే, తమ్ముడు ఇక జన్మలో కడుపునిండా తినలేడని ఆమెకు అర్థమైంది. మా వైపు నెలలు నిండుతున్న ఆడపిల్లను బంధువులు ఇంటింటికీ పిలిచి, ఇష్టమైనవన్నీ వండి పెడతారు. అక్క నాకూ అదే మర్యాద మొదలుపెట్టింది. రాగిముద్ద, నాటుకోడి పులుసు, ఒబ్బట్లు, తోటలో మాగిన మామిడిపళ్ళు.

"ఇంగ ఆపరేసన్ అయినాక నీ కడుపులో ముద్దకు చోటు యాడుండాదప్పా? ఇప్పుడే తిను," అని ఇంకో ముద్ద వేసింది.

తర్వాత సుగటూరులో పిన్నమ్మ పిలిచింది. ఆ తర్వాత ఆమె తోడికోడలు. అక్కడ ఒక ముసలమ్మ నా పొట్ట చూసి ఎన్నో నెలని అడిగింది. అందరితో పాటు నేనూ నవ్వి, నవ్వుతూనే పాయసం గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

ప్రతి తూకానికీ బరువు పెరిగింది. చెప్పిన తిండి తినలేదని బీమా వాళ్ళు కాగితాలు వెనక్కి పంపారు. డాక్టరు ముందు కూర్చుని బంధువులను ఒక్కొక్కరినే తిట్టాను. ప్రేమతో చంపుతున్నారని, వద్దంటే చిన్నబుచ్చుకుంటారని చెప్పుకున్నాను. పక్కనున్న నా భార్య అంతా వినింది.

"ఎవురూ ఈయప్ప నోరు తెరిచి కుక్కలేదు సార్. సుగటూరోళ్ళు మధ్యాన్నానికి రమ్మంటే పొద్దున్నే పోయి కూసున్నాడు."

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. "డైట్ ఓడిపోతే బీమా వాళ్ళు డబ్బిస్తారప్పా. నువ్వు ఓడిపోతే ఇవ్వరు," అన్నాడు.

తిరుగు బస్సులో నా భార్య కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. బంగారుపేట బస్టాండులో అంత గొడవలోనూ లేవలేదు. నేను మేలుకుని ఉన్నాను కదా, నా ఊపిరికి కాపలా అక్కర్లేదు. బంధువుల మీద నేను చెప్పిన మాటలకు అప్పుడు నాకే సిగ్గనిపించింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఈసారి నిజంగానే. పిలుపులకు పోయేవాణ్ణి, కానీ డబ్బాలో దోసకాయ ముక్కలు, పలుచని అంబలి పట్టుకుని. అక్క నా ముందు విస్తరి వేసి, అందులో అంబలి గ్లాసు పెట్టి, పరామర్శకు వచ్చినదానిలా చూస్తూ కూర్చునేది. ఇప్పుడు నాకు కొత్త భయం పట్టుకుంది, నిజంగా తగ్గిపోతే ఎలాగని. కొంచెం తగ్గాను కూడా. అది నాలాంటి శరీరానికి ఏ మూలకూ చాలదని డాక్టరు రాసిచ్చాడు. ఈసారి ఓడింది డైటే. బీమా వాళ్ళు ఒప్పుకున్నారు.

అక్కకు ఫోన్ చేశాను. అయితే ఆపరేషన్‌కు ముందర ఒక్కసారి వచ్చిపొమ్మంది. నా కాళ్ళు అప్పటికే చెప్పులు వెతుకుతున్నాయి. భార్య వైపు చూశాను.

"అయినాక వస్తానక్కా. మజ్జిగ పెట్టు."

"మజ్జిగకు ఎవురన్నా మనుసుల్ని పిలుస్తారా?" అంది అక్క.

పిలవలేదు. తనే వచ్చింది, ఆపరేషన్ అయిన రెండో రోజు ఆస్పత్రికి, బిందెడు మజ్జిగతో. పట్టపగలే నా భార్య పక్క బెంచీ మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతూ ఉంది. బిందె చప్పుడు కాకుండా దించమని అక్కకు సైగ చేశాను.