తేమ చూసే ఫిలిప్

ఫిలిప్ జమ్మికుంట పత్తి యార్డులో తేమ చూస్తాడు. బండిలోని పత్తిలోకి మోచేతిదాకా చెయ్యి జొనిపి, మీటరు గుచ్చి, అంకె పైకి చదువుతాడు. తేమ పన్నెండు శాతం దాటితే బండి వెనక్కి పోవాల్సిందే. "నీళ్లు కొట్టలే సారూ, మంచు పడ్డది," అని రైతులు చేతులు పట్టుకుంటారు. "నేను జెప్తలేను, మిషన్ చెప్తాంది," అంటాడు, అప్పటికే పక్క బండి వైపు నడుస్తూ. తన ఫోన్‌కు మాత్రం చెమ్మ తగలనివ్వడు. రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాడు. వారంటీ కాగితం బైబిల్లో భద్రంగా ఉంది.

కొన్న ఎనిమిదో నెలలో ఆ ఫోన్ ఆగిపోయింది. కరీంనగర్ సర్వీస్ సెంటర్లో కౌంటరు దగ్గరి అమ్మాయి సిమ్ పెట్టే సందులోకి లైటు వేసి చూసింది. లోపలి తెల్ల స్టిక్కరు ఎర్రబడింది. "లోపలికి తేమ పోయిందన్నా. వారంటీ రాదు."

"నీళ్ల సుక్క తగల్లే చెల్లే. రెండు కవర్లు కట్టి దాస్కున్న."

"కవర్లల్ల చెమట పట్టింది గావచ్చు. అదీ తడే గద."

ఫిలిప్ చేతులు జోడించాడు. "జర చూడు చెల్లే."

"నేను జెప్తలేనన్నా, స్టిక్కర్ చెప్తాంది," అని ఆమె తర్వాతి టోకెన్ పిలిచింది.

మర్నాడు యార్డులో మొదటి బండి ఒక ముసలామెది. రెండుసార్లు వెనక్కి పంపితే, ఎండబోసి మూడోసారి తెచ్చింది. మీటరు పదమూడు చూపించింది. "మంచే బిడ్డా, నీళ్లు గాదు," అందామె.

"ఎరుకే అవ్వా," అన్నాడు ఫిలిప్. పదమూడు అని చీటీ మీద రాసి ఆమె చేతిలో పెట్టాడు.