పాలు పోయని పాలవ్వ

మా పాలవ్వ పోయింది. పోయిన శుక్రవారం పొద్దున ఆమె కొడుకు గేటు దగ్గర నిలబడి, "అక్కా, అమ్మ లేదక్కా" అన్నాడు. నేనప్పుడే పెరుగు తోడుకుందా లేదా అని గిన్నె మూత తీసి చూస్తున్నాను. వాళ్ల ఎనుము పాలే, రాత్రి తోడుపెట్టినవి. ఆ రోజు ఆమెను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తామన్నారు. రాగానే ఆమె చేత్తో మా వాడికి మొదటి పెరుగుముద్ద పెట్టించాలని నా ఆశ. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పలేదు. వచ్చాక చూసి సంబరపడుతుందిలే అనుకున్నాను.

గార్లదిన్నె దగ్గర మా ఊళ్లో పిల్లలూ పెద్దలూ ఆమెను పాలవ్వ అనే పిలిచేవాళ్లు. తెల్లవారుజాము నమాజు కాగానే ఎనుము పాలు పితికి, క్యాను పట్టుకుని వీధంతా తిరిగేది. మా వాడు నెలల బిడ్డగా ఉన్నప్పుడు, వాడికి పాలు పడవని, సోయా కూడా పడదని అనంతపురంలో డాక్టరు తేల్చి చెప్పాడు. చంటిబిడ్డకు నా పాలే ఆధారం కాబట్టి నన్ను కూడా అవన్నీ మానేయమన్నాడు. ఇక మాకు పాలు వద్దని అవ్వతో చెబితే ఆమె ముఖం మాడిపోయింది.

"పాలు పడకపోయేదేంది? నీళ్లు కలుపుతానని ఎవురన్నా చెప్పినారా?" అని నిలదీసింది. ఎంత చెప్పినా వినలేదు. కొన్నాళ్లు మా గేటు ముందు నుంచి తల తిప్పుకుని పోయింది. ఒకరోజు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన బిడ్డను నా భుజం మీద చూసి, క్యాను అక్కడే దించి లోపలికొచ్చింది. మరునాడు రాగులు మొలకకట్టి, ఎండబెట్టి, తానే తిరగలిలో విసిరి తెచ్చింది. ఆ రాగిజావే మా వాడి మొదటి తిండి. తర్వాత గుమ్మడికాయ, ఆ తర్వాత పెసరకట్టు. ఒక్కొక్కటీ పెట్టి, పడిందని తేలేదాకా ఆగాలి. నాకేమో తొందర, భయం. వాడు ఉమ్మేస్తే నాకు ఏడుపొచ్చేది. "మూతి తిప్పుకుంటే తిప్పుకోనీ మా. ఆకలి యాడికి పోతాది?" అనేది అవ్వ.

ఒక పొరపాటు మాత్రం ఆమె వల్లే జరిగింది. బిడ్డ జావ చప్పగా ఉందని జాలిపడి, నేను చూడనప్పుడు వేలితో ఇంత నెయ్యి కలిపింది. ఆ రోజంతా వాడికి వాంతులు, విరేచనంలో నెత్తురు చారలు. నేను ఏం పెట్టానా అని బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే, సాయంత్రం తనే వచ్చి గుమ్మంలో కూలబడింది. "నేనే పెట్టినా. పాలొద్దంటివి గానీ నెయ్యి వద్దంటివా?" అని ఏడ్చింది. నిజమే, నేను అనలేదు. మన ఇళ్లలో పాలంటే పాలే, నెయ్యంటే నెయ్యే. రెండూ ఒకటని ఎవరనుకుంటారు?

అప్పటినుంచి అన్నీ అడిగేది. మజ్జిగ? వద్దవ్వా. అంగడిలో బిస్కెట్టు? అందులో పాలపొడి, సోయా రెండూ ఉంటాయి, వద్దు. సోయాపాలు? అవి అసలే వద్దు. కొబ్బరిపాలు? అవి పెట్టొచ్చు. "పాలనే పేరుండేది పాలు కాదంట, పేరు లేని నెయ్యేమో పాలంట. ఈ డాక్టర్ల తెలుగు నాకు రాదు పో" అని విసుక్కుంది. కానీ ఆ రంజానుకు అందరికీ పాలతో పాయసం చేసి, మా వాడికి మాత్రం వేరే గిన్నెలో కొబ్బరిపాలు, బెల్లంతో సేమియా వండి తెచ్చింది.

మా గేటు పక్కన కొళాయి దగ్గర కొబ్బరిచిప్పలో ఒక సబ్బుముక్క పెట్టుకుంది. పాలు పోసి వస్తూ అక్కడ మోచేతులదాకా తోముకున్నాకే బిడ్డను ఎత్తుకునేది. వాడికి మాటలొచ్చాక అరచేతులు వాడి ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూడు నాయనా, పాల వాసన ఉండాదా?" అని అడిగేది. ఏళ్లతరబడి పాలు పితికిన చేతులు, ఎంత తోమితే మాత్రం పోతుందా? వాడు నవ్వుతూ "ఉండాది" అనేవాడు. మళ్లీ పోయి కడుక్కునేది.

మేము డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినప్పుడల్లా "ఈడికి పాలు పెట్టేది ఎప్పుడంట?" అని అడిగేది. ఇంకా కొన్నాళ్లవ్వా అనేదాన్ని. "పెట్టేది మాత్రం నేనే. ఊరందరి పిల్లోళ్లూ నా పాలు తాగినోళ్లే, ఈడొక్కడే బాకీ" అనేది. తీరా ఇక పెరుగు కొంచెం పెట్టి చూడండని డాక్టరు చెప్పేసరికి అవ్వ జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. నేను పోయి ఆ ఒక్క మాట చెవిన వేసి రావాల్సింది. మంచం మీదే ఎంత సంతోషపడి ఉండేదో. ఇప్పుడెంత అనుకుంటే ఏం లాభం?

మగవాళ్లు అవ్వను మట్టిచేసి వచ్చిన ఆ సాయంత్రం ఆ పెరుగును పారబోయడానికి నాకు చేతులు రాలేదు. అన్నంలో ఒక చెంచా కలిపి వాడి ముందు పెట్టాను. కొత్త రుచి కదా, వాడు ముందు మూతి తిప్పుకున్నాడు. బలవంతం చేయలేదు. కాసేపటికి తనే వేలితో తీసుకుని నాకాడు, ఇంకాస్త తిన్నాడు. తర్వాత పెరుగంటిన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, గేటు వైపు తిరిగి, "అవ్వ వచ్చినాది" అన్నాడు.

కొళాయి దగ్గర ఎవరూ లేరు. చిప్పలో సబ్బుముక్క ఎండిపోయి ఉంది. ఆ రాత్రి వాడి చెయ్యి కడగకుండానే పడుకోబెట్టాను.