మెర్విన్ వేసిన కంచె

మా ఊరు యారంగీ చుట్టుపక్కల మా ఆయన మెర్విన్ అంత బాగా కంచె వేసేవాడు ఒకప్పుడు లేడు. ఈ మాట ఇప్పుడంటే ఊళ్ళో కుర్రకారు పకపకా నవ్వుతుంది. వాళ్ళ తప్పేం లేదు. బుద్ధెరిగినప్పటినుంచీ వాళ్ళు చూసింది మా గొర్రెలు పక్కవాళ్ళ గోధుమలో పడి మేయడమే. పాతికేళ్ళయినా నిండకుండానే ఆ మనిషి ముళ్ళతీగ ముట్టుకోవడం మానేశాడు. గోధుమ గోదాములో కాటా దగ్గర ఉద్యోగం చూసుకున్నాడు. మా పొలం చుట్టూ గుంజలు పాతిందీ నేనే, తీగ లాగిందీ నేనే. చేతులు చీరుకుపోయేవి, పైగా పక్క పొలం వాడి తిట్లు. వాడికి రెండింతలు నేనూ తిట్టాను లెండి, బాకీ ఉంచుకోలేదు.

ఇరవయ్యో ఏట మెర్విన్‌ని సైన్యానికి తీసుకుపోయారు. ఆ రోజుల్లో పుట్టిన తేదీలు రాసిన గోలీలు పీపాలో వేసి తిప్పేవాళ్ళు. క్లబ్బులో శనివారం మాంసం బుట్ట ఎవరికని చీటీ తీస్తారే, అచ్చం అలాగే. మీ తేదీ పైకొచ్చిందా, రెండేళ్ళు పోవలసిందే. నీకేం పని వచ్చని అడిగితే, కంచెలు వేస్తానని చెప్పాడు ఈ అమాయకుడు. అయితే రావయ్యా అని వియత్నాం పంపించి కంచె వేసే పనిలోనే పెట్టారు.

మామూలు కంచె కాదది. కొండల దగ్గర మొదలై సముద్రం దాకా పోయే రెండు వరసల ముళ్ళతీగ. రెండు వరసల మధ్యా మందుపాతరలు, వేలకు వేలు, ఒక్కొక్కటీ చేత్తో పాతినవే. అడవిలో ఉన్న గెరిల్లాలు ఊళ్ళలోకి వచ్చి బియ్యం పట్టుకుపోకుండా అన్నమాట. అవి పాతుతూ పాతుతూనే మెర్విన్ పక్కనున్న వాళ్ళు కొందరు చచ్చిపోయారు. ఈ సంగతులు చాలావరకు నాకు పెళ్ళయ్యాక ముక్కలు ముక్కలుగా తెలిశాయి. అడిగితే చెప్పడు. పాత్రలు తుడుస్తూ తుడుస్తూ ఉన్నట్టుండి ఒక ముక్క అంటాడు, మళ్ళీ ఆర్నెల్ల దాకా నోరు విప్పడు.

తిరిగొచ్చిన వారానికే ఎల్వా ఆంటీ మమ్మల్నిద్దర్నీ టీకి పిలిచింది. నేనప్పటికి అతనికి కాబోయే భార్యని. ఆంటీ వాళ్ళది మెర్విన్ వాళ్ళ పక్క పొలమే. చిన్నప్పుడు మెర్విన్ తిన్న తిండిలో సగం ఆవిడ వంటింట్లో తిన్నదే. ఆవిడ మొగుడు ట్రాక్టరు తిరగబడి పోయాడు. ఉన్నది ఒక్క కొడుకు, రెక్స్. మెర్విన్ కంటే రెండేళ్ళు చిన్న. పొడుగాటి పిల్లాడు, చెవులు దోరగా కాలిన రొట్టెల్లా ఎర్రగా ఉండేవి. ఆ ఏడు వాడి గోలీ కూడా పైకొచ్చింది.

"అర్జీ పెట్టానురా మెర్వ్," అంది ఆంటీ, స్కోన్ రొట్టెల పళ్ళెం మా ముందుకి తోస్తూ. "వచ్చే నెల మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. మొగుడు లేడు, ఒక్కగానొక్క కొడుకు, పొలం చూసే దిక్కు లేదంటే వదిలేస్తారట. లాయరు ఖాయంగా చెప్పాడు."

"అమ్మా, ఊరంతా నన్ను అమ్మకూచి అంటుంది," అన్నాడు రెక్స్, మొహం ఇంత చేసుకుని.

"అననీ. నాలుగు రోజులంటారు, నోళ్ళు నొప్పెట్టి వాళ్ళే ఊరుకుంటారు. నువ్వు చెప్పు మెర్వ్. నువ్వు చూసొచ్చావు. అక్కడెలా ఉంటుంది? నా మొహం చూసి అబద్ధం చెప్పకు, చంపేస్తాను."

మెర్విన్ అబద్ధం చెప్పలేదు. అది మాత్రం నేను ఎక్కడైనా ఒట్టేసి చెబుతాను. వెన్నగిన్నె తెచ్చి కొండ అన్నాడు. జాం సీసా పెట్టి మన శిబిరం అన్నాడు. అగ్గిపెట్టెలోంచి పుల్లలన్నీ ఒలకబోసి, వెన్నగిన్నెకీ జాం సీసాకీ మధ్య వరసగా పేర్చాడు.

"ఇదిగో ఆంటీ, కంచె. ఈ చేతుల్తో వేశాను. ఎలక కూడా దూరదు. వాళ్ళు ఆ పక్క, మనవాళ్ళు ఈ పక్క. రెక్స్ ఈ పక్కనేగా ఉండేది! అక్కడుండేది ఏడాదే, ఇట్టే గడిచిపోతుంది."

"నువ్వు వేసిందేనా?"

"నేను వేసిందే."

"అయితే గట్టిదే," అంది ఆంటీ. అప్పటికి ఆవిడ పొలం చుట్టూ ఉన్న కంచె కూడా మెర్విన్ వేసిందే. దానిలోంచి ఒక్క గొర్రె బయటికి పోయిన పాపాన పోలేదు. మర్నాడు ఆవిడ టోపీ పెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళి అర్జీ వెనక్కి తీసుకుంది. రెక్స్ ఈలేసుకుంటూ సైన్యంలోకి వెళ్ళాడు.

మా గోధుమ సీమ మనుషుల తెలివి ఇంతే. కంచె వేసేశామంటే ఇక పనైపోయిందనుకుంటాం. అవతల ఉన్నవి గొర్రెలు కావనీ, కడుపు మండిన మనుషులనీ, వాళ్ళకీ చేతులూ బుర్రా ఉంటాయనీ ఒక్కడికి తట్టలేదు. కాపలా పని అక్కడి సైన్యానికి అప్పజెప్పారట, వాళ్ళు కాయలేదు. భుజాల మీద నక్షత్రాలున్న పెద్దమనుషులకే తట్టనిది, ఇరవై రెండేళ్ళ మెర్విన్‌కి ఏం తడుతుంది? ఇది నేను మొగుణ్ణి వెనకేసుకొచ్చి అంటున్న మాట కాదు. అయితే మాత్రం ఏం? అనుకుంటే అనుకోండి.

రెక్స్ వెళ్ళిన ఏడాది లోపలే వాడి శవపెట్టె తిరిగొచ్చింది. మందుపాతర మీద కాలు వేశాడని, శత్రువుల మందుపాతర అని, సైన్యం నుంచి వచ్చిన ఆయన ఆంటీకి చెప్పాడు. ఊరు ఊరంతా వచ్చింది స్మశానానికి. ఆ తరవాత హాల్లో ఆడవాళ్ళం సాండ్‌విచ్‌లు పంచుతుంటే, వియత్నాంలో మెర్విన్‌తో పాటు కంచె పని చేసిన గోర్డన్ అనే అతను మా ఆయన్ని వెనక నీళ్ళ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళాడు. టీ కెటిల్ నింపడానికి నేనూ అక్కడికే వెళ్ళాను.

"శత్రువులదా? నాన్సెన్స్," అంటున్నాడు గోర్డన్. "మనవేరా అవి. మనం పాతినవే. బంగాళాదుంపలు తవ్వుకున్నట్టు తవ్వుకుపోతున్నారు ఆ గెరిల్లాలు, మన కంచెలోంచి. తీసుకెళ్ళి మనవాళ్ళు నడిచే దారుల్లో పెడుతున్నారు. నేను వచ్చేముందు వారానికొకడు పోతున్నాడు."

"నోర్ముయ్," అన్నాడు మెర్విన్.

"నా నోరు మూయిస్తే ఏం లాభంరా? కావాలంటే ఎవణ్ణయినా అడుగు."

మెర్విన్ అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. లోపల్నుంచి ఎల్వా ఆంటీ పిలుస్తోంది, "మెర్వ్ ఏడీ? వాడేమైనా తిన్నాడా లేదా?" అని. కొడుకుని పూడ్చి గంట కాలేదు, ఆవిడకి వీడి తిండి ధ్యాస!

అదిగో, ఆ రోజు నుంచీ మెర్విన్ ముళ్ళతీగ ముట్టలేదు. ఆంటీ గడప మాత్రం వదల్లేదు. మా వైపు పెరిగే మాలీ అనే పొదచెట్ల మొదళ్ళు తవ్వి, ఎండబెట్టి, గొడ్డలితో చీల్చి, ప్రతి శనివారం ఆవిడ పొయ్యికి కట్టెలు తీసుకెళ్ళేవాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో వెళ్ళేవాడు, కోతలకి వెళ్ళేవాడు, పైకప్పు రేకు లేచిపోతే వెళ్ళేవాడు. మా పిల్లలకి జ్వరం వచ్చినా శనివారం ఆగేది కాదు. నాకు ఒళ్ళు మండేది. మండినా ఏమనను? ఎందుకు వెళ్తున్నాడో తెలుసు కదా.

ఏప్రిల్‌లో సైనికుల దినం వచ్చిందంటే ఇంకా ఘోరం. ఆంటీ కొడుకు పతకాలు తన కోటుకి కుడి పక్కన పెట్టుకునేది, పోయినవాళ్ళ కోసం అయినవాళ్ళు పెట్టుకున్నట్టు. మెర్విన్ చెయ్యి పట్టుకుని, యుద్ధంలో పోయినవాళ్ళ స్తూపం దాకా నడిచేది. కనబడ్డ ప్రతివాడికీ చెప్పేది.

"రెక్స్ పోయాక నాకు కొడుకు వీడే. కన్నవాళ్ళు కూడా ఇంత చెయ్యరు."

మెర్విన్ తల దించుకుని బూట్లకేసి చూసేవాడు. ఊళ్ళోవాళ్ళు అది వినయం అనుకునేవాళ్ళు. ఎంత వినయమో నాకు తెలుసు! ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి వదిలేసి గంటసేపు కూర్చునేవాడు.

"చెప్పెయ్యి," అనేదాన్ని తలుపవతల నుంచి. "లేదంటే మర్చిపో. రెండూ చెయ్యకుండా ఇలా కుళ్ళిపోకు."

"వచ్చే శనివారం చెబుతా," అనేవాడు. వచ్చే శనివారం ఆవిడ కేకు చేసి ఉంచేది. నోట్లో కేకు పెట్టుకుని ఎలా చెబుతాడు? ఒకసారి నిజంగానే మొదలుపెట్టాడట, "ఆంటీ, ఆ కంచె..." అని. "అవున్రా, పడమటి వైపు ఒక గుంజ ఒరిగింది, ఎవరినైనా పంపించు," అందట ఆవిడ. ముప్ఫై ఏళ్ళు దాటిపోయాయి అలాగే.

ఎల్వా ఆంటీ ఎనభై దాటాక ఒక చలికాలం కోళ్ళగూడు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంక ఒంటరిగా ఉండటానికి వీల్లేదని ఆసుపత్రి వెనకున్న ముసలివాళ్ళ గదుల్లో చేర్చారు. మేమిద్దరం చూడ్డానికి వెళ్తే మంచం మీద లేచి కూర్చుని, పెళ్ళికూతురిలా వెలిగిపోతూ చెప్పింది.

"బుధవారం లాయరు వస్తాడు. పొలం నీ పేర రాసేస్తున్నాను మెర్వ్. వద్దన్నావంటే కర్రతో కొడతాను."

తిరిగొస్తుంటే దారి సగంలో నేనే ఉండబట్టలేక అడిగాను.

"తీసుకుంటావా?"

"ఎలా తీసుకుంటానే?"

"అయితే చెప్పు."

"ఇప్పుడా? పోయేముందు ఆవిడ ప్రాణానికి ఈ నరకం కూడా ఎందుకు?"

"సాకులు చాలించు. నీకు భయం. అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే. ఆవిడ నీకు పొలం ఇస్తోంది, కొడుకుతో పాటు తీసుకుంటావా పొలం కూడా?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందంటారా? నాకలా అనిపించలేదు. మంగళవారం పొద్దున్నే బండి తీశాడు. నన్నూ రమ్మన్నాడు.

కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని మొత్తం చెప్పాడు. గోర్డన్ మాటలతో సహా, ఏదీ దాచలేదు. ఆవిడ ఏడవలేదు. దుప్పటి అంచు వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ ఉండిపోయింది. కిటికీ బయట ఎవరో గడ్డి కోసే యంత్రం తోస్తున్నారు. అది ఆగాక అడిగింది.

"ఆ రోజు నా బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చావే, అప్పటికి నీకు తెలుసా?"

"తెలీదు ఆంటీ. ఒట్టు."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"రెక్స్‌ని పూడ్చిన రోజే."

ఆవిడ దుప్పటి అంచు వదిలేసింది.

"నాకప్పటికి యాభై నిండలేదు," అంది. "అప్పుడే చెప్పి ఉంటే నిన్ను గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. నడిరోడ్డు మీద శాపనార్థాలు పెట్టేదాన్ని. నీ పెళ్ళికి వచ్చేదాన్ని కాదు. పదేళ్ళు నీ మొహం చూసేదాన్ని కాదు. తరవాత ఏదో ఒక ఏడు వానలు ముఖం చాటేస్తే, నువ్వొచ్చి నా గొర్రెలకి నీళ్ళు తోలేవాడివి. నేనూ చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. పక్కపక్క పొలాల వాళ్ళం, ఎన్నాళ్ళని బిగుసుకుంటాం? కానీ ఇప్పుడేం చెయ్యమంటావురా? ముందు నాకు కోపం రావాలి. వచ్చింది తీరాలి. తీరాక నువ్వు మళ్ళీ నావాడివనుకోవాలి. దీనికంతటికీ ఏళ్ళు కావాలి. నా దగ్గరెక్కడున్నాయిరా ఏళ్ళు?"

మెర్విన్ మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. "ఒక్క తిట్టు తిట్టు ఆంటీ," అన్నాడు. "నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్కటి."

"అడిగితే వస్తాయా తిట్లు?" అంది ఆవిడ. అలసిపోయి దిండు మీదకి వాలింది. "శనివారం రా. వచ్చి ఎదురుగా కూర్చో. కోపం వస్తుందేమో చూద్దాం."

బుధవారం లాయరు వస్తే, పొలం బెండిగో పట్నంలో ఉన్న చెల్లెలి కూతురికి రాసింది. న్యాయమే. పొలం పోయినందుకు నాకు రవ్వంత బాధ కూడా లేదు. అబద్ధమెందుకు, రవ్వంత ఉంది. మెర్విన్‌కి అదీ లేదు.

అతను ప్రతి శనివారం వెళ్ళాడు, నేనూ తోడు వెళ్ళాను. తెల్లచొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, ఆవిడ ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆవిడ అతన్ని చూస్తూ ఉండేది. అప్పుడప్పుడూ పెదవులు కదిలేవి. ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఇంతలో నర్సు మాత్రలు తెచ్చేది, ఆవిడ వేసుకుని నిద్రలోకి జారిపోయేది. ఒక్కో శనివారం ఇంకాస్త త్వరగా జారిపోయేది.

గోధుమ కంకులు రంగు తిరుగుతున్న రోజుల్లో ఒక శనివారం ఆవిడ కళ్ళు తెరిచి మెర్విన్‌ని వెతుక్కుంది. అతను కుర్చీ ముందుకి జరిపాడు.

"ఇంకా రాలేదురా మెర్వ్," అంది.

"పర్లేదు ఆంటీ. మళ్ళీ శనివారం వస్తాను," అన్నాడు.

గురువారం ఆవిడ పోయింది.